ఉరికిండు అన్న మాట

తనకు తెలుగు సరిగా రాదేమోనన్న అనుమానం దానం అనే అతనికి ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా ఎన్నడూ కలగలేదు. బాపట్ల దగ్గర పల్లెటూళ్లో పుట్టాడు. మిషన్ స్కూల్లో చదివాడు, గుంటూరులో బి.ఏ. చేశాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్పేవాడు. ఇంగ్లీషు కాయితం ఏది వచ్చినా ఊరివాళ్లు అతని చేతే చదివించుకునేవాళ్లు. ఎనభై ఆరులో సౌదీలోని ధహ్రాన్ దగ్గర ఒక పెద్ద ఆస్పత్రిలో రోగుల ఫైళ్లు చూసే గుమస్తాగా చేరాడు. భార్య కృపామణి అక్కడే ఆపరేషన్ వార్డులో నర్సు. ఆస్పత్రి వెనక క్వార్టర్లలో రెండు గదుల కాపురం. అక్కడ క్రైస్తవ ప్రార్థనలు నిషేధం కాబట్టి, ప్రార్థన చేసుకోవాలంటే తలుపు గడియ పెట్టుకుని, గొంతు తగ్గించి చేసుకునేవాళ్లు.

తొంభై ఒకటి జనవరిలో యుద్ధం మొదలైంది. సైరన్లు, ముఖాలకు మాస్కులు, కిటికీలకు అంటించిన టేపులు. ఆ రోజులన్నీ ఎలాగో గడిచాయి. ఫిబ్రవరి ఆఖరుకు యుద్ధం అయిపోయిందన్నారు. ఉత్తరం నుంచి అమెరికా లారీలు వరసలు కట్టి వెనక్కి రావడం మొదలుపెట్టాయి. కువైట్ చమురు బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజున మధ్యాహ్నం పూటే దీపాలు వేసుకోవలసి వచ్చేది. ఆరేసిన నర్సు బట్టల మీద నల్లటి మసి పడుతోందని కృపామణి విసుక్కునేది.

మే నెలలో ఒక ఉదయం ఆస్పత్రి ఆఫీసరు దానాన్ని పిలిపించాడు. లోపల యూనిఫారంలో ఒక అమెరికన్ ఆవిడ కూర్చుని ఉంది. సైన్యంలో లాయరట, పేరు కెప్టెన్ మోర్గన్. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఎండకు ముక్కు కమిలిపోయి ఉంది.

"మీ మాతృభాష తెలుగేనా?" అని అడిగింది.

"అవునండి."

"బాగా వచ్చా?"

దానానికి నవ్వొచ్చింది. "పుట్టినప్పటినుంచీ అదే మాట్లాడుతున్నానండి."

ఆవిడ సంగతి చెప్పింది. మార్చి పందొమ్మిదిన ఖఫ్జీ రోడ్డు పక్కన పైపుల కోసం గుంత తవ్వుతున్న కూలీల మీదికి ఒక సైనిక లారీ వచ్చింది. లింబాద్రి అనే మనిషి చచ్చిపోయాడు. నిజామాబాద్ జిల్లా, ఆర్మూరు దగ్గర వాడు. లారీ నడిపిన సైనికుడు కోల్ మీద, అజాగ్రత్తగా నడిపి మనిషి ప్రాణం తీశాడని సైనిక కోర్టులో కేసు పెట్టారు. కేసు నడిపేది తనే. దగ్గరినుంచి చూసిన సాక్షి ఒక్కడే. అతను చనిపోయినవాడి బామ్మర్ది మొండయ్య. మిగతా కూలీలంతా నీళ్ల ట్యాంకు దగ్గర ఉన్నారు. రోడ్డు పక్క ఇసుకలో చక్రాల గుర్తుల్ని ఆ సాయంత్రమే గాలి చెరిపేసింది.

"మొండయ్య పోలీసులకు చెప్పి సంతకం పెట్టిన కాయితం ఉంటుంది కదండి. అది చాలదా?" అన్నాడు దానం.

"చాలదు. కాయితాన్ని ప్రశ్నలడగలేం కదా. తనమీద సాక్ష్యం చెప్పే మనిషి తన ఎదుట నిలబడి చెప్పాలి, తన లాయరు అతన్ని గుచ్చి గుచ్చి అడగాలి. అది ముద్దాయి హక్కు. మా రాజ్యాంగంలోనే రాసి ఉంది. ఆ మనిషికి హిందీ కొద్దిగా వచ్చు. హిందీ తెలిసినవాళ్లు మా దగ్గరున్నారు. కానీ జడ్జిగారు ఒప్పుకోలేదు. సాక్షి తన సొంత భాషలోనే చెప్పాలన్నారు."

పరాయి దేశపు కూలీ మాట కోసం ఇంత పట్టింపా అని దానం ఆశ్చర్యపోయాడు. "అయితే నేను ముందుగా అతనితో ఓసారి మాట్లాడతానండి" అన్నాడు.

"వద్దు" అని ఆవిడ వెంటనే తల అడ్డంగా ఊపింది. "మీరు నా మనిషి కాదు, వాళ్ల మనిషీ కాదు. కోర్టు మనిషి. సాక్షితో మీరు ముందే మాట్లాడితే ఏదో నేర్పారంటారు. కోర్టులో మొదటిసారి వినండి, విన్నది విన్నట్టు చెప్పండి. అంతే."

సైనిక స్థావరంలో ఒక పొడవాటి షెడ్డును కోర్టు చేశారు. ప్లైవుడ్ బల్లలు, గోడకు జెండా, గుర్రుమనే రెండు ఏసీలు. నల్లగౌను వేసుకున్న జడ్జి ఒక పక్క, తీర్పు చెప్పవలసిన ఏడుగురు ఆఫీసర్లు రెండు వరసల్లో ఇంకో పక్క. కోల్ ఇరవై ఒక్క ఏళ్లవాడు. ఇస్త్రీ చేసిన యూనిఫారంలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చున్నాడు.

దానం చేత ప్రమాణం చేయించారు. దేవుని పేరు పైకి, గట్టిగా పలకవలసి వచ్చింది. ఐదేళ్లలో నాలుగు గోడల బయట ఆ పేరు గట్టిగా పలకడం అదే మొదటిసారి. 

తరవాత జడ్జి ఆ ఏడుగురికీ చెప్పిన మాటలు దానం చెవుల్లో చాలాకాలం నిలిచిపోయాయి. ఈ మనిషి నిర్దోషి అనుకునే మీరు మొదలుపెట్టాలి. తన నిర్దోషిత్వాన్ని అతను రుజువు చేసుకోనక్కర్లేదు. నేరం రుజువు చేయవలసిన బరువంతా ప్రభుత్వానిదే. అతను నోరు విప్పనక్కర్లేదు, విప్పలేదని మీరు తప్పు పట్టకూడదు. చివరికి మీ మనసులో సహేతుకమైన సందేహం ఏ కాస్త మిగిలినా వదిలిపెట్టాలి.

దానం పాస్‌పోర్టు ఆస్పత్రి ఆఫీసు బీరువాలో ఉంది. ఊరు దాటాలంటే కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, సంతకం ఉన్న ఉత్తరం జేబులో ఉండాలి. ఏ చెక్‌పోస్టులో ఆపినా ముందు ఆ దేశంలో ఉండటానికిచ్చే ఇకామా కార్డు చూపించి, తరవాతే తను ఎవరో చెప్పుకోవాలి. అటువంటి బతుకు బతికే మనిషికి ఆ మాటలు వింటూంటే దాహంతో ఉన్నవాడికి నీళ్లు పోసినట్టయింది. ఒక మామూలు లారీ డ్రైవరు నోరు మూసుకుని కూర్చునే హక్కుకు అంతమంది ఆఫీసర్లు కాపలా కాస్తున్నారనుకున్నాడు.

మొండయ్యను తీసుకొచ్చారు. బక్కపలచని మనిషి, నలభై దగ్గర పడ్డట్టున్నాడు. కొత్త చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుని, తన భాష మాట్లాడే మనిషి కనపడ్డందుకు దానం వంక ఆశగా చూశాడు.

"ఆ రోజు ఏం చూశారో చెప్పండి" అంది కెప్టెన్ మోర్గన్.

"మేము గుంత తవ్వుతున్నం సారూ. మా బావ నాకు జర ముంగట ఉన్నడు. బండ్లు లైనుగ వోతున్నయ్. ఒక బండి లైన్ల నుంచి బయటికొచ్చి, ఇసుకలకు దిగి మా దిక్కే వొస్తున్నది. నేను గుంతల వడుకున్న. మా బావ రోడ్డు దిక్కు ఉరికిండు. బండి మల్ల రోడ్డెక్కింది. ఎక్కి మా బావను గుద్దింది."

యాస కొత్తగా ఉన్నా దానానికి ప్రతి మాటా తెలిసినట్టే ఉంది. ఒక్కొక్క వాక్యమే ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాడు. 'ఉరికిండు' దగ్గర కూడా తడుముకోలేదు. చిన్నప్పుడు వాళ్ల ఊరి పంటకాలవ గట్టు మీంచి పిల్లలంతా నీళ్లలోకి ఉరికేవాళ్లు. ఉరకడమంటే దూకడమే. అతను రోడ్డు వైపుకు దూకాడు అని ఇంగ్లీషులో చెప్పాడు.

కోల్ తరఫు లాయరు లేచాడు. పొడవాటి మనిషి, మెత్తటి గొంతు. మొండయ్య మీద కోపమేమీ లేనట్టు, చనిపోయినవాడికి సంతాపం చెప్పి మొదలుపెట్టాడు.

"మీ బావ రోడ్డు మీదికి దూకాడన్నారు. అంతేనా?"

దానం దాన్ని తెలుగులో చెప్పాడు. సాక్షి మాటనే వాడడం న్యాయమనిపించి, "మీ బావ రోడ్డు మీదికి ఉరికాడన్నావు. అంతేనా?" అన్నాడు.

"ఔ సారూ. ఉరికిండు."

"మీ కళ్లతో చూశారా?"

"నా కండ్లతోటి సూసిన."

లాయరు థాంక్స్ చెప్పి కూర్చున్నాడు. కెప్టెన్ మోర్గన్ ముఖం మారింది. ఆవిడ దగ్గరున్న పోలీసు కాయితాన్ని ఒక హిందీ గుమస్తా రాశాడు. అందులో లింబాద్రి పక్కకు తప్పుకోబోయాడని మాత్రమే ఉంది. ఆవిడ మళ్లీ లేచి, లింబాద్రి దూకినప్పుడు లారీ ఎంత దూరంలో ఉందని అడిగింది.

"శాన దూరమే ఉండె. గీ రూమసొంటియి నాలుగైదు పట్టంత దూరం."

అది ఆవిడకు కావలసిన జవాబే. అంత దూరం నుంచి మనిషి కనిపిస్తుంటే డ్రైవరు బ్రేకు వేయవచ్చు. కానీ పొడవాటి లాయరు మళ్లీ లేచాడు.

"లారీ అంత దూరంలో ఉంటే ఏ మనిషైనా ఎందుకు దూకుతాడు?"

"లారీ అంత దూరంలో ఉంటే ఎందుకు ఉరుకుతాడు?" అన్నాడు దానం తెలుగులో.

మొండయ్య తెల్లబోయాడు. దానం వంక, లాయరు వంక మార్చి మార్చి చూశాడు. "బండి మీదికొస్తుంటె ఉరకడా సారూ? మీరైతే ఉరకరా?"

దానం అది కూడా చెప్పాడు. ఏడుగురిలో ఒక ఆఫీసరు కనుబొమలు ఎగరేసి కాయితం మీద ఏదో రాసుకున్నాడు. దూరంగా ఉన్న లారీ ముందుకు ఒక మనిషి దూకాడట, అది మామూలేనట. ఈ సాక్షి చెప్పేదానికి తలా తోకా లేదు.

కోల్ సాక్ష్యం చెప్పలేదు. అతని లాయరు చివరగా చెప్పింది కూడా నాలుగు మాటలే. మనిషి ఉన్నట్టుండి రోడ్డు మీదికి దూకితే ఏ డ్రైవరు ఏం చేయగలడు? ప్రభుత్వం తెచ్చిన ఒక్కగానొక్క సాక్షే దూకాడంటున్నాడు కదా. ఏడుగురూ పక్కగదిలోకి వెళ్లి రహస్యంగా చీటీలు వేసుకున్నారు. శిక్ష పడాలంటే మూడింట రెండు వంతులమంది దోషి అనాలి. రెండు గంటలు కూడా గడవకముందే వచ్చి నిర్దోషి అన్నారు. కోల్ చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు.

బయట వరండాలో మొండయ్య, "ఏమన్నరు సారూ?" అని అడిగాడు.

"నేరం రుజువు కాలేదన్నారయ్యా."

"నేను సూసింది సూసినట్టే చెప్పిన గద?"

"చెప్పావు. నువ్వు చెప్పిందే నేనూ చెప్పాను."

కంపెనీ వ్యాన్ వచ్చి మొండయ్యను ఎక్కించుకుపోయింది. కెప్టెన్ మోర్గన్ దానంతో చేయి కలిపి, రాజ్యాంగం అచ్చువేసిన జేబు పుస్తకం ఒకటి ఇచ్చింది. ఓడిపోయిన విసుగు ఆవిడ ముఖంలో కనిపించింది కానీ మాటలో రానివ్వలేదు. దానం ఇంటికొచ్చి కృపామణికి గంటసేపు చెప్పాడు. ప్రభుత్వమే ముద్దాయికి లాయర్ని పెట్టిందని, జడ్జి ఎవరి వైపూ మొగ్గలేదని చెప్పాడు. లింబాద్రి పోవడం బాధే, కానీ ఆ పద్ధతి గొప్పదన్నాడు. జూన్, జూలై నెలల్లో ఆ పుస్తకం రెండుసార్లు చదివాడు.

ఆగస్టులో ఒక ఉదయం ఆంబులెన్సు డ్రైవరు మహబూబ్ సుభాని రొప్పుతూ ఫైళ్ల గదిలోకి వచ్చాడు. అతనిది కామారెడ్డి.

"దానం సాబ్, లిఫ్టు ఖరాబైంది. డాక్టర్ సాబ్ ఫైలు జల్ది తెమ్మన్నడు. నాలుగు అంతస్తులు ఉరుక్కుంట వచ్చిన."

"మెట్ల మీద ఉరుకుతూ రావడమేంటయ్యా బాబూ, కాలిరుగుద్ది" అని నవ్వాడు దానం, ఫైలు వెతుకుతూ.

"ఉరుకకపోతే ఎట్ల? నడుచుకుంట వస్తె లేటైతది గద."

దానం చేతులు ఆగిపోయాయి. "ఉరకడమంటే ఏంటి, సుభానీ?"

"ఉరుకుడంటే ఉరుకుడే సాబ్. దౌడ్. మీరు పరిగెత్తుడంటరు సూడున్రి, గది."

"మరి గోడ మీంచి కిందికి... దాన్నేమంటారు?"

"దుంకుడు."

ఫైలు తీసుకుని సుభాని వెళ్లిపోయాడు.  లింబాద్రి దూకలేదు. లారీని దూరం నుంచే చూసి, ప్రాణం దక్కించుకోవడానికి రోడ్డు వైపు పరిగెత్తాడు. నాలుగైదు గదులంత దూరం నుంచి పరిగెడుతూ కనపడిన మనిషిని లారీ వచ్చి గుద్దింది. మొండయ్య అదే చెప్పాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాడు. మీరైతే ఉరకరా అని కోర్టునే అడిగాడు. ప్రతిసారీ అతని మాటను దానం తన చేత్తో పక్కకు తిప్పేశాడు.

ఆ సాయంత్రం చెప్తే కృపామణి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అంతా వింది. దానం తల వంచుకునే ఉన్నాడు. "బయటపెడితే ఉద్యోగాలకేమన్నా అవుతుందేమో. అబద్ధపు ప్రమాణం చేశావంటారేమో" అని గొణిగాడు.

"మీకు తెలిసి చేశారా?"

"లేదు."

"ఇప్పుడు తెలిసింది కదండీ. ఇప్పుడు ఊరుకుంటే తెలిసి చేసినట్టే. ఆవిడ అడ్రసు ఉందా మీ దగ్గర?"

దానం ఉత్తరం రాశాడు. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఆ జేబు పుస్తకం తెరిచి, తను రెండుసార్లు ఇష్టంగా చదివిన పేజీలే మళ్లీ చదివాడు. ఐదో సవరణలో ఆ ముక్క కనిపించింది. ఒకే నేరానికి ఏ మనిషినీ రెండోసారి విచారణ ప్రమాదంలోకి నెట్టకూడదు. దాన్ని ఎటు తిప్పి చదివినా ఇంకో అర్థం రాలేదు.

అక్టోబరులో అమెరికా నుంచి వచ్చిన ఉత్తరంలో కెప్టెన్ మోర్గన్ దాపరికం లేకుండా రాసింది. "మీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు పని సాగలేదు. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. ఇదే పొరపాటు వల్ల కోల్‌కు శిక్ష పడి ఉంటే పై కోర్టుకు వెళ్లి కొట్టివేయించే దారి ఉండేది. విడుదలైనవాడి మీద ప్రభుత్వం అప్పీలు చేయడానికి వీల్లేదు, మళ్లీ కేసు పెట్టడానికీ వీల్లేదు. రేపు అతనే వచ్చి ఒప్పుకున్నా అంతే. తప్పు జరిగితే అది ముద్దాయికి మేలు చేసే వైపే జరగనీ అని ఈ చట్టం రాసినవాళ్లు తెలిసే నిర్ణయించారు. నేను ఇప్పటికీ అది సరైనదే అనుకుంటున్నాను. ఈ కేసులో అలా అనుకోవడం కష్టంగా ఉంది. ఒక సంగతి మాత్రం మీరు ఎవరికైనా చెప్పవచ్చు. లింబాద్రి దూకాడని మా కోర్టు ఎక్కడా నిర్ణయించలేదు. నేరం సందేహం లేకుండా రుజువు కాలేదు అన్నదొక్కటే ఆ తీర్పుకు అర్థం."

నవంబరులో ఖఫ్జీ క్లినిక్‌కు మందులు తీసుకెళ్లే బండిలో, ఆస్పత్రి ఇచ్చిన ప్రయాణపు ఉత్తరం జేబులో పెట్టుకుని దానం బయల్దేరాడు. బండి సుభానిదే. ఖఫ్జీ ఇంకా యుద్ధం దెబ్బల నుంచి తేరుకోలేదు. గోడల్లో గుండ్ల బొక్కలు, రోడ్డు పక్క కాలిపోయిన ఇనుము. మొండయ్య కంపెనీ అక్కడ పైపులు బాగుచేస్తోంది. శుక్రవారం కాబట్టి మనుషులంతా క్యాంపులోనే ఉన్నారు.

మొండయ్య క్యాంపు చివర సామాన్ల గది పక్కన ఒక్కడే ఉంటున్నాడు. దానాన్ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు కానీ ముఖంలో ఆ రోజు కనిపించిన ఆశ లేదు.

"ఇక్కడెందుకున్నావు మొండయ్యా?"

"నాతోని ఎవలు తినరు సారూ. బావను నువ్వే సంపినవంటరు. మా అక్క ఉత్తరం రాసుడు బందు వెట్టింది. లింబాద్రి తనంత తాను బండి కింద దుంకిండని నువ్వే కోర్టుల చెప్పినవట గదా అని ఆఖరి ఉత్తరంల రాయించింది. ఊర్ల అందరు ఆమెను అడుగుతున్నరట, నీ మొగడు సావనీకె సౌదీకి వొయ్యిండా అని." అతను దానం ముఖంలోకి చూశాడు. "నేను దుంకిండని ఎన్నడన్న సారూ? మీరున్నరు గద ఆడ. నేనన్ననా?"

కోర్టు అయిన మర్నాడే కంపెనీ సూపర్వైజరు క్యాంపులో చెప్పాడట, మీ సాక్షే దూకాడన్నాడు, అమెరికా కోర్టు తేల్చేసింది అని. మొండయ్య లింబాద్రి భార్య ముత్యవ్వకు సొంత తమ్ముడు. ఆరు నెలలుగా తను అనని మాటకు శిక్ష అనుభవిస్తున్నాడు.

"నువ్వనలేదు" అన్నాడు దానం. "నేనన్నాను."

జరిగినదంతా చెప్పాడు. తమ వైపు ఉరకడమంటే ఏమిటో, తను ఏమనుకున్నాడో, ఇంగ్లీషులో ఏం చెప్పాడో ఏదీ దాచలేదు. తిడతాడని, కొడతాడని కూడా అనుకున్నాడు. మొండయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. కోర్టులో చెప్పిన మాటల్ని ఒక్కొక్కటే తలుచుకుంటున్నాడని దానానికి అర్థమైంది.

తరవాత, "గీ మాట అందరి ముంగట చెప్తరా సారూ?" అన్నాడు.

చెప్పాడు. మధ్యాహ్నం అన్నాల వేళ ముప్పై మంది కూర్చున్న రేకుల షెడ్డులో నిలబడి, తన పొరపాటును మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. జనార్దన్ అనే ఫోర్‌మాన్ ముందుగా లేచాడు. లింబాద్రికి ఊరివాడు, చిన్ననాటి దోస్తు.

"నీ తెలుగు వల్ల మా మనిషి ఇజ్జత్ వాయె గదా సారూ."

"అవును."

"అయితే మల్ల కోర్టు వెట్టుమను. ఈపారి నేనొస్త, సమజయ్యేటట్టు చెప్త."

"పెట్టరయ్యా. ఒకసారి వదిలేసినవాణ్ని అదే నేరానికి మళ్లీ పట్టుకోకూడదని వాళ్ల రాజ్యాంగం."

"తప్పు దొరికినంక గూడనా?"

"దొరికినా అంతే."

"గదేం న్యాయం?"

దానం జవాబు చెప్పడానికి ప్రయత్నించాడు. "సర్కారు చేతిలో పోలీసులుంటారు, జైళ్లుంటాయి, డబ్బుంటుంది. ఓడిపోయినప్పుడల్లా మళ్లీ కేసు పెట్టొచ్చంటే, గెలిచేదాకా ఒక్క మనిషి వెంట జీవితాంతం పడొచ్చు. ఆ మనిషి తట్టుకోలేడు. అందుకని కట్టుకున్న గోడ అది." తనే నమ్మిన మాటలు. ఆ షెడ్డులో, ఆ ముఖాల ముందు, అవి ఎవరో రాసిచ్చినవి చదువుతున్నట్టున్నాయి.

మొండయ్య కింద కూర్చునే, "మంచిగనే ఉన్నది సారూ" అన్నాడు. "అటువంటి కాయిదా మాక్కూడ ఉంటె మంచిగుండు. గని మా బావకే అండ్ల జాగ లేకపాయె."

జనార్దన్ కంచం పట్టుకుని వచ్చి మొండయ్య పక్కన కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు జరిగి చోటిచ్చారు. మిగిలినవాళ్లు తలలు దించుకుని తినసాగారు. అందరూ మారలేదని దానం గమనించాడు.

ముత్యవ్వకు చదువు రాదు. అందుకని సాయంత్రం సుభాని బండిలోని టేపురికార్డరు తెచ్చి ఒక ఖాళీ క్యాసెట్టు పెట్టారు. ముందు మొండయ్య మాట్లాడబోయాడు కానీ "అక్కా" అన్నదాని దగ్గరే ఆగిపోయాడు. దానం మాట్లాడాడు. కెప్టెన్ మోర్గన్ రాసిన ముక్క, లింబాద్రి దూకాడని ఏ కోర్టూ అనలేదన్నది, తెలుగు చేసి రెండుసార్లు చదివాడు. ఒక్కొక్క మాట దగ్గరా ఆగి, మీ దగ్గర ఇలాగే అంటారా అని సుభానిని అడిగి మరీ చదివాడు. ఊరికి సెలవు మీద పోతున్న మనిషి చేతికి ఆ క్యాసెట్టు ఇచ్చి పంపారు. ఉత్తరం నకలు దానం కంపెనీ ఆఫీసులోనూ ఇచ్చాడు. సూపర్వైజరు చదివి, ఫైలు ఎప్పుడో మూసేశామని చెప్పి తిరిగి చేతిలో పెట్టాడు.

తొంభై రెండు ఫిబ్రవరిలో జవాబు క్యాసెట్టు వచ్చింది. మొండయ్య దాన్ని తను విని, తరవాత సుభాని చేత దానానికి పంపించాడు. దానం, కృపామణి తలుపు వేసుకుని విన్నారు. ముందు కోళ్ల చప్పుడు, ఎవరో దగ్గడం. తరవాత ఒక ఆడగొంతు, తొందర లేకుండా, ఏడుపు లేకుండా.

"తమ్మీ, నువ్వు గా మాట అనలేదని ఇప్పుడు ఎర్కైంది. నేను నిన్ను గట్ల అనకపోవల్సి ఉండె. మనసుల వెట్టుకోకు. ఊరోళ్లకు క్యాసెట్టు ఇనిపిచ్చిన. కొందరు ఇన్నరు. కొందరు నువ్వే పైసలిచ్చి చెప్పిచ్చినవంటున్నరు. ఏం జేస్తం." మళ్లీ కోళ్ల చప్పుడు. "సారూ, మీరు చెప్పింది ఇన్న. మా ఆయనకు సిన్నప్పుడు చెట్టు మీదికెల్లి వడి కాలిరిగింది. అతుక్కున్నది గని వంకర అతుక్కున్నది. ఉరికితే కుంటుకుంట ఉరికెటోడు. దుంకుడు ఆయనతోని ఎన్నడు కాలే. ఊర్ల శిన్న పోరలకు గూడ ఎర్కనే. గంత పెద్ద కోర్టు వెట్టిండ్రు గద, ఒక్కలన్న నన్నడిగిండ్రా?"

క్యాసెట్టు ఇంకా తిరుగుతూనే ఉంది. కృపామణి లేచి ఆపింది. దానం ఆ రాత్రి అన్నం తినలేదు. మొండయ్యకు కూడా ఆ కాలి సంగతి తెలుసు. కోర్టులో బావ దూకాడన్న మాట అతనికి ఒక్కసారి తెలుగులో వినపడి ఉంటే, దూకడం ఆయన వల్ల కాదు సారూ అని అక్కడికక్కడే చెప్పి ఉండేవాడు. లాయరు దూకాడన్నప్పుడల్లా ఉరికాడని మార్చి చెప్పి, దానమే అది అతనికి వినపడనివ్వలేదు.

తొంభై మూడులో మొండయ్య ఖురూజ్, అంటే దేశం విడిచి పోయే ఆఖరి ముద్ర, కొట్టించుకుని ఇంటికి పోయాడు. ధహ్రాన్ విమానాశ్రయానికి దానం వెళ్లాడు. ఇద్దరూ టీ తాగారు.  ఊళ్లో ఏమంటారోనని భయంగా ఉందా అని దానం అడిగితే, "అననీ సారూ, అక్కున్నది గద" అన్నాడు. పోయాక రెండు ఉత్తరాలు రాయించాడు. అక్క ఇంటి పక్కనే గుడిసె వేసుకున్నానని, పెళ్లిళ్లకు కొందరు పిలుస్తున్నారని, కొందరు పిలవడం లేదని అందులో ఉంది. మూడో ఉత్తరం రాలేదు.

దానం ఇంకో పదేళ్లు ఆ ఆస్పత్రిలోనే పనిచేశాడు. తెలుగు రోగి ఎవరొచ్చినా డాక్టర్లు అతన్నే పిలిచేవాళ్లు. మొదట్లో పోనన్నాడు. పోకపోతే ఇంకెవరో వస్తారు, వాళ్లు తనకంటే నమ్మకంగా తప్పు చెప్తారు అంది కృపామణి. అప్పటినుంచి వెళ్లాడు. కరీంనగర్ మనిషి గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని ఏదన్నా అంటే, ఆ మాటను నాలుగు రకాలుగా అడిగేవాడు. నొప్పా, మంటా, బరువా, నీ చేత్తో చూపించయ్యా అనేవాడు. సుభాని దొరికితే అతన్నీ పిలిచి పక్కన నిలబెట్టుకునేవాడు. డాక్టర్లు గడియారం చూసుకుని విసుక్కునేవాళ్లు. ఒకాయన ఒకసారి, నీకు మీ భాష వచ్చా రాదా అని మండిపడ్డాడు.

"కొంచెం వచ్చండి" అన్నాడు దానం, రోగి వైపు మళ్లీ తిరిగి.